మధ్య డబ్బా కోసిన కథ

ఎడిటర్ గారికి,

నమస్కారం. బరంపురం నుంచి రాస్తున్నాను. మాకు మీ పేపరు శ్రీకాకుళం ఎడిషన్ వస్తుంది, అదీ ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే బండి ఆలస్యమైతే పది గంటలకి గాని చేతికి రాదు. మొన్న అందులో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డురోలరుతో తొక్కిస్తున్న ఫొటో వేశారు. తొక్కించాల్సిందే. ఎంకేసీజీ ఆసుపత్రి ముందు రాత్రి పదకొండింటికి టపాకాయలు పేల్చుకుంటూ పోయే బుల్లెట్లని చూసి తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ ఆ వార్త చివర్లో, కంపెనీ సైలెన్సర్ కాకుండా వేరేది వేయించుకున్న ప్రతివాడూ ఆ బాపతే అన్నట్టు ఒక మాట పడింది చూశారూ, దాని గురించే ఈ ఉత్తరం. పొడుగ్గానే ఉంటుంది, మీ ఇష్టం వచ్చినంత కత్తిరించుకోండి, మధ్య డబ్బా (కారు కింద ఇంజినుకీ వెనక సైలెన్సర్‌కీ మధ్య గొట్టంలో ఉండేది) సంగతి మాత్రం ఒగ్గేయకండి.

నా దగ్గర 2008 నాటి బీఎండబ్ల్యూ 325ఐ ఉంది. గొప్పకి చెప్పడం లేదు, నేను కొన్న రేటుకి ఇవాళ కొత్త మారుతి కూడా రాదు. వైజాగ్‌లో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాను, ఏపీ 31 బండి, ఎన్‌వోసీ తెచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగి ఓడీ 07 నంబరు వేయించుకునేసరికి ఒక చెప్పుల జత అరిగింది, అది వేరే ఉత్తరం. రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజిను, టర్బో లేదు, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి, 218 హార్స్‌పవర్. 15 ఏళ్లు నిండాక ఐదు వేలు ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగించుకున్నాను, అంటే 2028లో మళ్లీ ఫిట్‌నెస్‌కి నిలబెట్టాలి. కాబట్టి చట్టానికి దొరికే పని ఏదీ చేసే ఉద్దేశం నాకు మొదటి నుంచీ లేదు. చేశాను, అది తర్వాత చెప్తాను.

వెనక సైలెన్సర్ కుళ్లిపోయింది. ఎందుకు కుళ్లిందో చాలామందికి తెలీదు, గోపాల్‌పూర్ ఉప్పుగాలి అంటారు. అదీ ఉంది, సముద్రం మాకు 15 కిలోమీటర్లే, ఆదివారం వస్తే బీచ్ దగ్గర బండి పెట్టకుండా ఉండలేం. కానీ అసలు తుప్పు లోపలి నుంచి వస్తుంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా బయటికి పోతాయి. బండి బాగా వేడెక్కితే ఆ ఆవిరి గొట్టంలోంచి పోతుంది, వేడెక్కకపోతే చివరి డబ్బాలో నీళ్లయి నిలుస్తుంది. మా ఇంటి నుంచి బడా బజార్లో కొట్టుకి రెండు కిలోమీటర్లు, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. సైలెన్సర్ గోరువెచ్చగా అయ్యేలోపే ఇంజిను ఆపేస్తాను. ఇలా కొన్నేళ్లు తిరిగితే ఎంత మంచి ఉక్కయినా ఏమవుతుంది? ఒకరోజు కింద పడుకుని టార్చి వేసి చూస్తే డబ్బా కుట్టు వెంబడి వేలు దూరేంత కంత, పక్కనే గోధుమరంగు నీళ్ల చార.

కొత్త కంపెనీ డబ్బా ధర అడిగితే లక్ష దాటింది. బండి విలువలో అదెంత వంతో మా ఆవిడకి చెప్పలేదు. ఇక మిగిలినవి రెండే దారులు. చెన్నై పుదుపేటలో గాని ఢిల్లీ మాయాపురిలో గాని విప్పేసిన బండి నుంచి పాతది తెప్పించుకోవడం, లేదా ఇక్కడే ఎవరి చేతనైనా చేయించుకోవడం. నేను రెండోదానికి దిగాను. ఆ షాపు ఏ ఊళ్లో ఉందో చెప్పను, పేరు అసలే చెప్పను, వాళ్ల దగ్గర బళ్లు మాత్రం వరసకట్టి ఉన్నాయి. కుర్రాడు ర్యాంపు మీద బండి ఎక్కించి, కింద ఒకసారి చూసి, "సార్, ఆరు సిలిండర్లు పెట్టుకుని ఇంత మూగగా ఏటండీ? వెనకది పోయింది, ఆ మధ్య డబ్బా కూడా కోసేద్దాం. మూడించీల పైపు ఒకటి నేరుగా కొట్టేస్తే పికప్పు కూడా పెరుగుతాది" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, తల ఊపాను. "క్యాట్ కూడా తీసేస్తే దానికి మంచి రేటొస్తాది, మీ ఖర్చు సగం తేలిపోతాది" అని కూడా అన్నాడు. క్యాట్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్, పొగలోని విషవాయువుల్ని తగ్గించేది. ఈ బండిలో అది విడిగా వేలాడదు, ఇంజినుకి ఆనుకుని, పొగ బయటికొచ్చే గొట్టాల గుత్తితోనే కలిసి ఉంటుంది, అది దింపాలంటే ఒక రోజు పని. అందుకు బతికింది గాని నా బుద్ధి వల్ల కాదు.

రెండు రోజులు పండగే. కమాపల్లి వైపు పోతుంటే జనం తిరిగి చూశారు. మూడో రోజు సోంపేటలో మా పిన్ని కూతురు పెళ్లికి అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. గిరిసోల దాటి, ఇచ్ఛాపురం దాటి, హైవే మీద బండి వంద దగ్గర నిలబెట్టగానే మొదలైంది. బయట మోత కాదది, లోపల. చెవుల్లో దూది కుక్కినట్టు, ఛాతీ మీద ఎవరో వేళ్లతో తాళం వేస్తున్నట్టు ఒకటే ఊఁ అని. ఎనభైకి దిగితే లేదు, నూట పదిహేనుకి పోతే లేదు, సరిగ్గా హైవే మీద అందరం నడిపే స్పీడులోనే ఉంది. అమ్మ కాసేపు ఓర్చుకుని, "ఒరే, నా సీటు కింద ఎవడో తంబుర మీటతన్నాడ్రా, వాణ్ణి దింపేయ్" అంది. కవిటి రాకముందే తలనొప్పి అని కళ్లు మూసుకుంది. నేను మిగతా దారంతా డెబ్బై ఐదులో నడిపాను, లారీలు కూడా నన్ను దాటుకుని పోయాయి.

దాని లెక్క తర్వాత వేసుకున్నాను. ఆరు సిలిండర్ల ఇంజినులో క్రాంకు, అంటే ఇంజిను ఇరుసు, రెండు చుట్లు తిరిగేలోపు ఆరూ ఒక్కోసారి పేలతాయి, అంటే చుట్టుకి మూడు దెబ్బలు. నా బండి ఆరో గేరులో వంద మీద ఉంటే ఇంజిను నిమిషానికి ఇంచుమించు 2,100 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 35 చుట్లు, 105 దెబ్బలు. కారు లోపలి గాలి అనే డబ్బా కూడా ఆ దరిదాపుల్లోనే మోగుతుంది. మధ్యలో ఉన్న డబ్బా, రెజొనేటర్ అంటారే, దాని పని ఇదే. చూడటానికి ఏమీ ఉండదు, లోపల చిల్లులున్న గొట్టం, చుట్టూ పీచు, ఖాళీ గది. ఆ 105 దెబ్బల్ని తనలో ఇరికించుకుని మెత్తబరిచి వదులుతుంది. దాన్ని కోసి నేరుగా గొట్టం పెట్టడమంటే వీణకి సొరకాయ బుర్ర కట్టాల్సింది పోయి వీణనే సొరకాయలో పెట్టడం. అదీ మనం కూర్చున్న సొరకాయలో.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా నచ్చినది. ఈ ఇంజినులో సిలిండర్లు పేలే వరస 1-5-3-6-2-4. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, ముందు మూడింట్లో ఒకటి, వెనక మూడింట్లో ఒకటి, మళ్లీ ముందుది, మళ్లీ వెనకది. కోలాటంలో కర్రలు తగిలినట్టు. అందుకే ముందు మూడింటికి ఒక గొట్టం, వెనక మూడింటికి ఒక గొట్టం పెడతారు, ఒక్కో గొట్టంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య సరిసమానమైన ఎడం ఉంటుంది, ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాదు. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎంత దూరం వచ్చాక కలుస్తాయి అన్నదాన్ని బట్టే ఆరు సిలిండర్ల గొంతు. కలవనివ్వకుండా చివరిదాకా రెండు గొట్టాలూ విడిగా తీసుకెళ్తే మూడేసి సిలిండర్ల ఆటోలు రెండు పక్కపక్కన పోతున్నట్టు బొంగురుగా ఉంటుంది. ఇంజిను మొహం మీదే కలిపేసి మధ్య డబ్బా తీసేస్తే మూడు వేలు దాటాక రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చిరచిరలాడుతుంది. నాది రెండోది. హోండా అకార్డ్, స్కోడా సూపర్బ్ లాంటి వి6 బళ్లున్నవాళ్లకి గొట్టాలు వచ్చే దారి వేరు, సిలిండర్లు రెండు వైపులా చెరి మూడు ఉంటాయి గనక, గాని మధ్య డబ్బా కోస్తే జరిగేది ఇదే.

ఇక పికప్పు. "బ్యాక్ ప్రెషర్ లేకపోతే ఇంజినుకి బలం ఉండదు" అని ఒకడంటాడు, "ఎంత పెద్ద పైపు వేస్తే అంత బలం" అని ఇంకోడంటాడు, రెండూ నేను విన్నాను, రెండూ ఒకే షాపులో విన్నాను. ఇంజినుకి వెనక నుంచి ఒత్తిడి అక్కర్లేదు. కావాల్సింది పొగ జోరుగా పోవడం, ముందు పోయిన పొగ వెనకదాన్ని లాక్కుపోవడం. గొట్టం మరీ లావైతే జోరు తగ్గి, చల్లబడి, కింద చుట్లలో బండి నీరసిస్తుంది. రెండించీల గొట్టాలు రెండుంటే వాటి నోటి వైశాల్యం ఇంచుమించు ఆరుంపావు చదరపు అంగుళాలు, రెండున్నర ఇంచీలది ఒకటైతే ఐదుకి కాస్త తక్కువ, మూడించీలదైతే ఏడు. 218 హార్స్‌పవర్ బండికి, అదీ టర్బో లేనిదానికి, ఏడు దేనికండీ? నా బండికి ఆ పైపు వేశాక బరంపురం ట్రాఫిక్‌లో రెండో గేరులో లాగుడు తగ్గిందని నా కాలికి తెలిసింది. అసలు క్యాట్ వెనక భాగం ఏది మార్చినా ఇలాంటి ఇంజినుకి పెరిగే బలం మీటరు మీద వెతుక్కోవాల్సినంతే. బలం కోసం సైలెన్సర్ మార్చేవాడు ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించుకోవడం నయం.

పెళ్లి నుంచి తిరిగొచ్చాక వైజాగ్‌లో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఎక్కువ మాట్లాడడు. బండి స్టార్టు చేయించి, గొట్టం చివర గుడ్డతో రెండు సెకన్లు మూసి, కింద ఎక్కడ బుస్సుమంటుందో విని, "ఫ్లాంజి దగ్గర గాలి పీలుస్తంది, గ్యాస్కెట్ వెయ్యలేదు వాడు" అన్నాడు, అంటే రెండు గొట్టాలు బోల్టులతో బిగించే చోట మధ్యలో గాలి ఆపే పట్టీ పెట్టలేదని. అది చిన్న విషయం కాదు, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ముందు గాలి లోపలికి పోతే పెట్రోలు తక్కువైందని సెన్సర్ మోసపోతుంది, కంప్యూటరు ఇంకాస్త పోస్తుంది, మైలేజీ పడిపోయి, ఎక్కువైన పెట్రోలు క్యాట్‌లో కాలి దాన్ని తినేస్తుంది. నా బండిలో ఆ కారుతున్న చోటు సెన్సర్ల తర్వాత ఉంది గనక మోత తప్ప నష్టం లేదన్నాడు. అదృష్టం రెండోసారి.

ఆయన చెప్పిన ప్రకారం మధ్య డబ్బా, దాని రెండు గొట్టాలతో సహా, పుదుపేట నుంచి పాతదే తెప్పించాం. పది రోజులు పట్టింది లారీలో రావడానికి. వెనక డబ్బా మాత్రం కొత్తగా చేశాడు. 304 గ్రేడు స్టీలు అన్నాడు. ఇక్కడ మోసం ఎక్కువండీ, 202 గ్రేడుని 304 అని అమ్ముతారు, రెంటికీ అయస్కాంతం పట్టదు, కొన్నవాడికి తేడా తెలిసేది తుప్పు పట్టాకే. ఆయన రేకు మీద సీసాలోంచి ఒక చుక్క మందు వేసి, బ్యాటరీ తగిలించి, రంగు మారలేదు చూడు అని చూపించాడు. పక్కనే పడున్న తుక్కు ముక్క మీద వేస్తే ఎర్రబడింది. 409 అని ఇంకోటుంది, దానికి అయస్కాంతం పడుతుంది, పైన కాస్త గోధుమరంగు తిరుగుతుంది గాని చాలా కంపెనీ బళ్లలో వచ్చేది ఆ రకమే, అదేం చెడ్డది కాదు. మాది ఉప్పుగాలి ఊరు కాబట్టి 304 కట్టాను. వంపుల దగ్గర పైపు నొక్కుకుపోకుండా వంచిన బెండులే కొని అతికించాడు, అంతా ఆర్గాన్ వెల్డింగు, ఒక్కో కుట్టూ పావలా నాణేలు వరసగా పేర్చినట్టు వచ్చింది. పాత రబ్బరు హ్యాంగర్లు నాలుగూ మార్చాడు. చివరగా డబ్బా అడుగున, ఎత్తు తక్కువున్న మూల, సూది మొనంత కన్నం పెట్టాడు. "నీళ్లు దిగిపోవాలి కదా" అన్నాడు. నా పాత డబ్బా కుళ్లింది సరిగ్గా ఆ మూలే.

మొత్తం నలభై రెండు వేలు. మొదటి షాపులో పోసిన పద్నాలుగు వేలు దీనికి కలపలేదు, అవి ట్యూషన్ ఫీజు. ఇప్పుడు బండి మెల్లగా పోతుంటే పక్కవాడికి వినపడదు. తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో నాలుగు వేలు దాటించి అద్దం దింపితే, అప్పుడు వినాలి. చించుకోదు, అరవదు, గుడ్డ చింపినట్టు ఒకటే సాఫీ ధార. హైవే మీద వంద దగ్గర అమ్మ నిద్రపోతుంది. పొల్యూషన్ టెస్టు ఒకేసారికి పాసైంది.

ఇప్పుడు మీ వార్త దగ్గరికి వస్తాను. చట్టం నేను చదివాను. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది ప్రతి బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. అంటే కుళ్లిపోయినదాన్ని మార్చకుండా తిరగడమే తప్పు. అడ్డదిడ్డంగా మార్పులు చేస్తే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మోతకీ పొగకీ అదే చట్టం 190(2) కింద పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది. ఆసుపత్రికీ బడికీ కోర్టుకీ వంద మీటర్ల లోపల సైలెన్స్ జోన్. చాలా గట్టి చట్టాలే, నాకేం పేచీ లేదు. నా పేచీ రెండింటి మీద. మోతని చెవితో కొలిచి పట్టుకోవడం ఒకటి. నిలబెట్టిన బండికి గొట్టం నోటి నుంచి అరమీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో చప్పుడు కొలిచే మీటరు పెట్టి చూసే పద్ధతి ఉంది, ఐదు నిమిషాల పని, పట్టుకునే చోట ఒక మీటరు ఉంటే నాలాంటి వాడు టెన్షన్ పడక్కర్లేదు, బుల్లెట్ వాడికి వాదించే వీలూ ఉండదు.

రెండోది, రోలరు కింద పడేది కొనుక్కున్నవాడి సొమ్ము. కోసినవాడి గ్రైండరు మర్నాడు పొద్దున్నే మళ్లీ తిరుగుతుంది. ఆ షాపులో నేను చూసినవాటిలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మోత పైపులు కావు, మూలన గోనెసంచిలో వేసి పెట్టిన క్యాటలిటిక్ కన్వర్టర్లు. వాటిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది, తుక్కు కొనేవాళ్లు దానికోసమే వస్తారు. పాత కారు తెచ్చినవాడికి "ఇది జామైపోయింది, తీసేస్తే బండి ఎగురుతుంది" అని చెప్పి విప్పుతారు, లోపల ఖాళీ గొట్టం అతికిస్తారు, చెక్ ఇంజిన్ లైటు వెలక్కుండా సెన్సర్ని కాస్త పైకెత్తి ఒక ముక్క బిగిస్తారు. ఆ బండికి మోత పెద్దగా ఉండదు, కాబట్టి ఎవరూ పట్టుకోరు. వెనక స్కూటరు మీద వస్తున్నవాడు మాత్రం కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తాడు. ఫొటో వేయాలంటే ఈసారి ఆ గోనెసంచి ఫొటో వేయండి.

నా మూడించీల పైపు ఇంకా మా పెరట్లోనే ఉంది. ఎదురింటి కుర్రాడు తన బుల్లెట్‌కి కావాలని రెండుసార్లు అడిగాడు. అది బుల్లెట్‌కి పట్టదురా బాబూ అన్నా వినడు, ఎక్కడో అతికించుకుంటాడట. ఇచ్చేద్దామనే అనుకున్నాను గాని, ఈలోపు అమ్మ దాన్ని నిలువుగా పాతేసి చిక్కుడు పాదు ఎక్కించింది, ఇప్పుడు పూత మీదుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా